నాయనకు రెండోసారి ఎమ్మారై తీయించాలా? మెదడు కోలుకుంటే స్కాన్‌లో తెలుస్తుందా?

బురుజు నీడ, కర్నూలు
జూన్ 28, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా నాయనకు 61 ఏళ్లు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీలో గుమాస్తా. మార్చి 12న పొద్దున్నే లేచి చెంబు అందుకోబోతే చేతికి పట్టు రాలేదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఎడమకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ముందు సీటీ తీశారు, సాయంత్రం ఎమ్మారై తీశారు. రిపోర్టులో ఎడమ వైపు ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్ అని ఉంది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందని డాక్టరు చెప్పారు. 11 రోజులు ఉన్నాం.

ఇప్పటికి మూడున్నర నెలలు. కర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు, మిద్దె మెట్లు మాత్రం ఎక్కలేడు. మాట బాగానే వచ్చింది. చెయ్యే రాలేదు. భుజం లేస్తుంది, మోచేయి కొంచెం మడుస్తాడు, వేళ్లు పిడికిలి బిగించినట్టే ఉంటాయి. 35 ఏళ్లు లెక్కలు రాసిన చెయ్యి అది.

మా చిన్నాయన ఇంకో ఎమ్మారై తీయించు, ఎంత మానిందో తెలుస్తుంది అంటున్నాడు. ఇంకొకాయన, బెంగళూరులో ఫంక్షనల్ ఎమ్మారై అని ఉంటుంది, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో రంగుల్లో చూపిస్తారు అన్నాడు. మామూలు ఎమ్మారైకే ఇక్కడ ఎనిమిది వేలు అడుగుతున్నారు. డాక్టరు గారిని అడిగితే ఇప్పుడేం అవసరం లేదన్నారు. ఎందుకని నేను అడగలేదు, బయట ఇంకా 40 మంది కూర్చుని ఉన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుత్తి రోడ్డు, అనంతపురం
జూన్ 28, రాత్రి 11:05

మా మామకు తీయించాం. మొదటిదానికీ రెండోదానికీ పెద్ద తేడా లేదని రాసిచ్చారు. అది చదివి మామ "ఇంకేంది, నా బతుకింతే" అని రెండు వారాలు వ్యాయామం మానేశాడు. అప్పటికే ఆయన గేటు దాకా నడుస్తున్నాడు. మీరు తీయిస్తే మాత్రం రిపోర్టు మీ నాయన చేతికి ఇవ్వొద్దు.

పాత ఫిల్ము, కడప
జూన్ 29, ఉదయం 6:15

నేను 22 ఏళ్లు సీటీ, ఎమ్మారై మిషన్ల దగ్గర టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు. కానీ ఈ ప్రశ్న నన్ను అడిగినంత మంది ఇంకెవర్నీ అడిగి ఉండరు.

మొదటి రోజు సీటీ ఎందుకు తీస్తారంటే, మెదడులో రక్తం కారిందా లేదా తేల్చుకోవడానికి. కారిన రక్తం సీటీలో తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గడ్డ అడ్డం పడిన కేసుల్లో మొదటి కొన్ని గంటలు సీటీ మామూలుగానే కనిపించవచ్చు. మనవాళ్లు "సీటీ నార్మల్ అన్నారు, తర్వాత పెరాలసిస్ అన్నారు, మోసం" అని గొడవకు దిగేది ఇక్కడే. రక్తం కారలేదని తేలితేనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు, అదీ నాలుగున్నర గంటల లోపల.

ఎమ్మారైలో డిఫ్యూజన్ అని ఒక పద్ధతి ఉంది. దెబ్బతిన్న కణాలు ఉబ్బి నీటి కదలిక ఆగిపోతే ఆ చోటు దీపంలా మెరుస్తుంది. ఇది నిమిషాల్లోనే కనిపిస్తుంది. ఆ మెరుపు వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. చనిపోయిన కణజాలాన్ని శరీరం శుభ్రం చేసుకుంటుంది, ఆ గుంతలో నీరు నిండుతుంది. నెలల తర్వాత తీస్తే సీటీలో నల్లటి ఖాళీగా కనిపించేది అదే. ఇక అది జీవితాంతం అలాగే ఉంటుంది. మనిషి లేచి పరిగెత్తినా సరే, ఆ నలుపు పోదు.

మన సీమవాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను. ఎండిపోయిన బోరులోకి ఎన్నిసార్లు కెమెరా దింపి చూసినా ఎండినట్టే కనిపిస్తుంది. పక్క బోరు నుంచి పైపు వేసుకుని చేను తడిపారా లేదా అన్నది చేలో చూడాలి కానీ బోరులో కాదు. మామూలు ఎమ్మారై చూపించేది బోరును.

ఇంకొకటి. మీ నాయనకు నిద్రలో వచ్చింది కదా, ముందే చూసుకోలేదని బాధపడుతుంటారు మీరు. నిద్రలో వచ్చిన స్ట్రోక్ ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి ఆ ఇంజెక్షన్ ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. డిఫ్యూజన్‌లో మెరిసి, ఫ్లేర్ అనే ఇంకో వరుస బొమ్మల్లో ఇంకా కనిపించకపోతే నాలుగున్నర గంటలు దాటి ఉండదని అంచనా వేసి ఇవ్వవచ్చని 2018లో యూరప్‌లో ఒక పెద్ద ట్రయల్ చూపించింది. దానికి ఆ పొద్దుటే ఎమ్మారై దొరకాలి. మీకు సాయంత్రం దొరికింది. అందులో మీ తప్పేమీ లేదు.

బురుజు నీడ, కర్నూలు
జూన్ 29, ఉదయం 7:30

అన్నా, చివర్లో రాసింది రెండుసార్లు చదివాను. థాంక్స్.

అయితే పైపు ఎక్కడ వేసుకుందో చూపించే స్కాన్ ఉందా లేదా? ఫంక్షనల్ అంటున్నది అదేనా?

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు (ఇప్పుడు బెంగళూరు)
జూన్ 29, మధ్యాహ్నం 2:10

నేను మెదడు ఇమేజింగ్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఉంది. కానీ దాన్ని కనిపెట్టింది మీ నాయనలాంటి ఒక్కొక్కరి రిపోర్టు కోసం కాదు, కోలుకోవడం ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడం కోసం. 1991లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో ఫ్రాన్స్వా షోలే, ఆయనతో పనిచేసినవాళ్లు, పక్షవాతం వచ్చి బాగా కోలుకున్న ఆరుగురిని, మెదడులో రక్తప్రవాహం ఎక్కడ పెరిగిందో చూపించే పెట్ స్కానర్‌లో పడుకోబెట్టారు. బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తాకమన్నారు. బాగున్న చేత్తో చేసినప్పుడు, మామూలు మనుషుల్లో లాగే, ప్రధానంగా ఆ చేతికి ఎదుటి వైపు మెదడులో (కుడి చేతికైతే ఎడమ మెదడులో) రక్తప్రవాహం పెరిగింది. కోలుకున్న చేత్తో చేసినప్పుడు రెండు వైపులా పెరిగింది. అప్పటిదాకా పెద్దవాళ్ల మెదడు గట్టిపడిన సిమెంటు లాంటిదని నమ్మినవాళ్లకు అది పెద్ద వార్త.

పెట్‌కు రేడియోధార్మిక పదార్థం ఎక్కించాలి కాబట్టి ఒకే మనిషిని మాటిమాటికీ తీయలేరు. ఆ ఇబ్బందిని ఫంక్షనల్ ఎమ్మారై తీర్చింది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక అయస్కాంత గుణం, లేనప్పుడు ఇంకో గుణం ఉంటుందని లైనస్ పౌలింగ్ 1936లోనే చూపించాడు. సీజీ ఒగావా 1990లో దాన్ని స్కానర్‌లో వాడుకున్నాడు. మెదడులో ఒక చోటు పనిచేస్తే అక్కడికి అవసరానికి మించి రక్తం వస్తుంది, సిగ్నల్ కొంచెం పెరుగుతుంది. మీరు రంగుల్లో చూసేది ఆ కొంచెం పెరుగుదలనే. నరాలు పనిచేయడాన్ని నేరుగా చూడటం లేదు, వాటి వెనకాల వచ్చే రక్తాన్ని చూస్తున్నాం, అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా.

స్ట్రోక్ పేషెంట్ల విషయంలో దీంతో ఒక చిక్కుంది. జబ్బు వచ్చిందే రక్తనాళాల్లో. మెడ దగ్గర కెరోటిడ్ నాళం సన్నబడిన మనిషికి మెదడు పనిచేస్తున్నా రక్తం ఆలస్యంగా రావచ్చు, లేదా ఆ పెరుగుదల కనిపించకపోవచ్చు. "ఇక్కడ వెలగలేదు కాబట్టి ఇక్కడ పని జరగలేదు" అనడం వీళ్ల విషయంలో ప్రమాదం.

2003లో లండన్‌లోనే నిక్ వార్డ్ బృందం కొద్దిమంది పేషెంట్లను మొదటి వారాల నుంచి నెలల తరబడి పదేపదే స్కాన్ చేసింది. మొదట్లో చెయ్యి కొంచెం కదిపినా మెదడులో రెండు వైపులా చాలా చోట్ల వెలిగింది. బాగా కోలుకుంటున్న వాళ్లలో ఆ వెలుగు క్రమంగా తగ్గి, మామూలు మనిషి బొమ్మకు దగ్గరగా వచ్చింది. సరిగా కోలుకోని వాళ్లలో ఆ విస్తారం అలాగే మిగిలింది.

చెనిక్కాయ, ధర్మవరం
జూన్ 29, మధ్యాహ్నం 3:00

ఆగండాగండి. 1991లో రెండు వైపులా వెలిగితే శభాష్ అన్నారు. 2003లో రెండు వైపులా వెలిగితే అయ్యో అన్నారు. ఎక్కువ వెలగడం మంచిదా, తక్కువ వెలగడం మంచిదా? ఏదో ఒకటి చెప్పండి తల్లీ.

పైగా చచ్చిన చేప మెదడు కూడా ఈ మిషన్‌లో వెలిగిందంట కదా?

పెన్నా ఒడ్డు
జూన్ 29, సాయంత్రం 5:45

చేప సంగతి నిజం. 2009లో క్రెయిగ్ బెన్నెట్ వాళ్లు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి దానికి మనుషుల ఫోటోలు చూపించారు. మెదడును వేలాది చిన్న గడులుగా విడదీసి ఒక్కో గడికీ లెక్క కడతాం. అన్ని వేల లెక్కల్లో కొన్ని ఊరికే కలిసొస్తాయి. దాన్ని సరిచేయకపోతే చేప కూడా ఆలోచించినట్టు వస్తుంది. సరిచేస్తే ఆ వెలుగు పోయింది. వాళ్లు చేసింది వెక్కిరింత కాదు, మాకు పాఠం. 2012లో దానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు.

మీ మొదటి ప్రశ్న చేపకన్నా మంచిది. దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. దెబ్బ తగలని వైపు మెదడు సాయం చేస్తోందా, లేక దెబ్బతిన్న వైపును అణచి అడ్డుపడుతోందా? అడ్డుపడుతోందన్న లెక్కతో, బాగున్న వైపును అయస్కాంత తరంగాలతో కాసేపు మందగింపజేసి చేతికి వ్యాయామం చేయించారు అమెరికాలో. 2018లో వచ్చిన ఫలితంలో, నిజం చికిత్స తీసుకున్నవాళ్లూ ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవాళ్లూ సమానంగానే బాగుపడ్డారు. నా అభిప్రాయం అడిగితే, దెబ్బ చిన్నదైతే పాత దారే మళ్లీ తెరుచుకుంటుంది, దెబ్బ పెద్దదైతే బాగున్న వైపు సాయం తప్పదు. అందరికీ ఒకే సూత్రం పెట్టడమే తప్పు.

ఎడమచేతి రాత, నంద్యాల
జూన్ 29, రాత్రి 8:20

నాకు వచ్చి రెండేళ్లు. వయసు 47. ఎడమచేత్తో టైపు చేస్తున్నా, పొట్టిగా రాస్తా.

నేను ఆ ఫంక్షనల్ స్కాన్‌లో పడుకున్నా. చికిత్సకు కాదు, ఒక పరిశోధనకు వాలంటీర్‌గా. ఏ ఊరో వద్దు.

తల చుట్టూ పంజరం పెట్టారు. చెవుల్లో దూది. ఆ మోత, బోరు వేసే లారీ పక్కన పడుకున్నట్టే. తెర మీద ఆకుపచ్చ చుక్క వస్తే కుడిచేత్తో బంతి నొక్కాలి. ఎర్ర చుక్క వస్తే ఆపాలి. తల కదపకూడదు. అక్కడే తంటా. రాని చేత్తో గట్టిగా నొక్కాలని చూస్తే తల, దవడ అన్నీ కదులుతాయి. సగం డేటా పనికిరాలేదన్నారు.

ఇంకో తమాషా. కుడిచేత్తో నొక్కుతుంటే నాకు తెలియకుండా ఎడమచెయ్యి కూడా పిడికిలి బిగిస్తోంది. చేతికి తీగలు అంటించి చూస్తే దొరికింది. అది చూడకపోయి ఉంటే "రెండు వైపులా వెలిగింది" అని రాసేవాళ్లేమో.

అయిపోయాక అడిగా, నేను ఎంత బాగుపడ్డా అని. స్కాన్ చేసిన పిల్లోడు నిజాయితీగా చెప్పాడు: "సార్, ముప్పై మందివి కలిపితే మాకు ఏదైనా తెలుస్తుంది. మీ ఒక్కరిది చూసి ఏం చెప్పలేం." ఇంటికొచ్చి గేదెకు గడ్డి వేశా. అది ముందు నెల వేయలేకపోయేవాణ్ణి.

ఫిజియో అక్క, అనంతపురం
జూన్ 29, రాత్రి 9:50

నంద్యాల అన్నకు దండం. నేను 14 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, ఇంత బాగా నేను కూడా చెప్పలేను.

బురుజు తమ్ముడూ, మీ నాయనకు మూడో రోజు చెయ్యి ఎట్లుందో గుర్తుందా? భుజం పక్కకు ఎత్తగలిగాడా? వేళ్లు విప్పగలిగాడా? ఎందుకు అడుగుతున్నానంటే, న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో కేథీ స్టినియర్ అనే ఆవిడ బృందం చెయ్యి ఎంతవరకు వస్తుందో ముందే అంచనా వేసే ఒక పద్ధతి తయారుచేసింది. మూడో రోజు భుజం ఎత్తే బలానికి 5 మార్కులు, వేళ్లు విప్పే బలానికి 5 మార్కులు. మొత్తం 5 లేదా ఎక్కువ వస్తే మూడు నెలలకు చెయ్యి మంచిగానో చాలా బాగానో వస్తుందని అంచనా. తక్కువ వస్తే నెత్తి మీద అయస్కాంత తరంగం పెట్టి చేతి కండరంలో స్పందన వస్తుందా అని చూస్తారు. స్పందన వస్తే మెదడు నుంచి చేతికి దారి తెగిపోలేదని అర్థం.

ఇక్కడ చూడండి. 2012లో మొదట చేసినప్పుడు ఆఖరి మెట్టుగా ఎమ్మారై కూడా పెట్టారు. 2017లో సవరించినప్పుడు ఎమ్మారైని తీసేశారు! మంచం పక్కన నిలబడి స్ట్రోక్ తీవ్రతకు వేసే మార్కులతో కూడా అంచనా అంతే వస్తోందని తేలింది. నూటికి 75 మంది విషయంలో అంచనా నిజమైంది. ఎనిమిది వేల స్కాన్ కన్నా రెండు నిమిషాలు చేతిని చూస్తే ఎక్కువ తెలుస్తుందని నేను ఊరికే అనడం లేదు.

కానీ ఇది మొదటి వారం లెక్క. ఇప్పుడు మూడున్నర నెలల తర్వాత మార్కులు వేసుకుని కూర్చోవద్దు.

బురుజు నీడ
జూన్ 29, రాత్రి 10:15

మూడో రోజు భుజం కొంచెం ఎత్తాడక్కా. వేళ్లు అసలు కదల్లేదు. అంటే ఇక రాదా?

ఫిజియో అక్క
జూన్ 29, రాత్రి 10:22

చూశావా, అందుకే మార్కులు వేసుకోవద్దన్నా. 75 మందిది నిజమైందంటే 25 మందిది తప్పిందనే కదా. మీ నాయన ఏ వైపో ఇక్కడెవరికీ తెలియదు.

పెన్నా ఒడ్డు
జూన్ 30, ఉదయం 9:05

అక్కా, మూడో రోజు పరీక్ష గురించి మీతో ఏకీభవిస్తాను, ఎమ్మారైని అంత తేలిగ్గా తీసేయడం మాత్రం ఒప్పుకోను. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే ఒక పెద్ద తీగల కట్ట ఉంటుంది. వేళ్ల సున్నితమైన కదలికకు అదే ముఖ్యం. మెదడు కాండం కింది భాగంలో చాలావరకు అటూ ఇటూ దాటుకుంటుంది, ఎడమ మెదడుకు దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోయేది అందుకే. డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే పద్ధతిలో నీటి అణువులు ఆ తీగల వెంబడి ఎటు జారుతున్నాయో కొలిచి ఆ కట్ట ఎంత నిలిచిందో అంచనా వేస్తారు. నల్లమచ్చ ఎంత పెద్దది అన్నదాని కన్నా ఆ కట్ట మీద పడిందా లేదా అన్నదే ముఖ్యమని ఇమేజింగ్ వల్లే తెలిసింది. ఉలవగింజంత మచ్చ సరైన చోట పడితే చెయ్యి మొత్తం పోతుంది. నిమ్మకాయంత మచ్చ పక్కన పడితే మనిషి నడిచి ఇంటికి పోతాడు.

ఇంకోటి, చెయ్యి అసలే కదపలేని మనిషిని "బంతి నొక్కు" అని స్కాన్ చేయలేం కదా. దానికీ దారి దొరికింది. ఊరికే కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు కూడా కుడి, ఎడమ చేతుల్ని నడిపే రెండు ప్రాంతాల సిగ్నల్ ఒకే లయలో పెరిగి తగ్గుతుంటుందని 1995లో భరత్ బిశ్వాల్ చూపించాడు. స్ట్రోక్ తర్వాత ఆ లయ చెదురుతుంది. ఆ రెండు వైపుల మధ్య లయ ఎంత చెదిరితే చెయ్యి అంత బలహీనంగా ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. ఇవన్నీ మీరు ఫిజియో చేసేటప్పుడు నేరుగా పనికిరాకపోవచ్చు. కానీ రేపు ఏ పేషెంటుకు ఏ చికిత్స అన్నది తేలేది ఇలాంటి వాటితోనే.

చెనిక్కాయ
జూన్ 30, ఉదయం 9:40

రేపు, రేపు. బొమ్మలో బాగుంది కాబట్టి మనిషికి బాగుంటుందని నమ్మి దెబ్బతిన్న కథ ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.

పెన్నా ఒడ్డు
జూన్ 30, ఉదయం 11:30

ఉంది, చెప్తాను. పైన చెప్పిన షోలే కథే. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ అనే మాత్ర ఒక్క డోసు ఇచ్చి ఫంక్షనల్ ఎమ్మారై తీస్తే, చేతిని నడిపే ప్రాంతంలో స్పందన పెరిగిందని వాళ్ల బృందం 2001లో రాసింది. 2011లో ఫ్రాన్స్‌లో 118 మంది మీద ట్రయల్ చేశారు. మాత్ర వేసుకున్నవాళ్లకు మూడు నెలల్లో కాలుచెయ్యి బలం ఎక్కువ వచ్చింది. దాంతో చాలాచోట్ల డాక్టర్లు స్ట్రోక్ పేషెంట్లకు ఆ మాత్ర రాయడం మొదలుపెట్టారు. తర్వాత బ్రిటన్‌లో 3,127 మంది మీద పరీక్షించి 2018 చివర్లో ఫలితం చెప్పారు. రోజువారీ పనులు చేసుకోగలగడంలో తేడా ఏమీ లేదు. డిప్రెషన్ కొంచెం తక్కువ మందికి వచ్చింది, ఎముకలు మాత్రం ఎక్కువ మందికి విరిగాయి.

నా థీసిస్ మొదటి అధ్యాయంలో ఈ కథ పెట్టుకున్నాను. మా గైడ్‌కు అంతగా నచ్చలేదు.

చెనిక్కాయ
జూన్ 30, ఉదయం 11:34

మీ మీద గౌరవం పెరిగింది.

సంగటి ముద్ద, ఆదోని
జూన్ 30, మధ్యాహ్నం 1:00

ఇన్ని స్కాన్లు ఎందుకు? పావురం రక్తం పట్టించి, పసరు మందు తాగిస్తే 40 రోజుల్లో లేచి కూర్చుంటారు. మా ఊళ్లో ఇద్దరు లేచారు.

ఫిజియో అక్క
జూన్ 30, మధ్యాహ్నం 1:20

40 రోజుల్లో చాలామంది తమంతట తామే లేస్తారు అన్నా. మెదడు ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే. పసరు పోసినా పోయకపోయినా లేచేవాళ్ల పేరు పసరుకు పోతుంది, లేవనివాళ్ల పేరు ఎవరూ చెప్పరు. దానికోసం బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఆపేసి మళ్లీ స్ట్రోక్‌తో వచ్చినవాళ్లను నేను చూశా. బురుజు తమ్ముడూ, మాత్రలు మాత్రం ఆపొద్దు.

కడప బిడ్డ
జూన్ 30, రాత్రి 9:15

చెయ్యి గురించే మాట్లాడుతున్నారు, మాట గురించి అడగొచ్చా? మా అమ్మీకి పోయిన డిసెంబరులో వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బడిలో 28 ఏళ్లు తెలుగు చెప్పింది. మొదటి వారం ఏ మాటా లేదు. తర్వాత ఉర్దూ మాటలు ఒకటీ రెండూ వచ్చాయి, తెలుగు ఇప్పటికీ వెతుక్కుంటుంది. మనం చెప్పేది రెండింట్లోనూ అర్థమవుతుంది. విచిత్రం ఏమంటే నమాజులో దువాలు మాత్రం ఒక్క అక్షరం పోకుండా చదువుతుంది. ఒకటి నుంచి పది దాకా లెక్క గబగబా చెప్తుంది, "ఏడు" ఒక్కటే చెప్పమంటే చెప్పలేదు.

పెన్నా ఒడ్డు
జూన్ 30, రాత్రి 10:50

అక్కా, దువాలు, లెక్కలు, పాటలు నోటికి అలవాటుగా దొర్లే మాటలు. కావాలని వెతికి పట్టుకునే మాటకు వేరే దారి. మాట పోయినవాళ్లు పాట పాడగలగడం డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నారు. ఆ రాగాన్నే ఆసరా చేసుకుని మాట నేర్పే పద్ధతి 1973 నుంచి వాడుకలో ఉంది.

స్కాన్ సంగతికొస్తే, జర్మనీలో డొరోతీ సౌర్ బృందం 2006లో 14 మందిని మూడుసార్లు స్కాన్ చేసింది. మొదటి రోజుల్లో ఎడమ వైపు భాషా ప్రాంతాలు దాదాపు మూగబోయాయి. రెండు వారాలకు కుడి వైపు బాగా వెలిగింది, మాట మెరుగుపడటం కూడా అప్పుడే కనిపించింది. నెలలు గడిచాక వెలుగు మళ్లీ ఎడమ వైపుకే మళ్లింది. కుడి వైపు, ఇల్లు బాగుచేసేదాకా తాళంచెవి ఉంచుకున్న పక్కింటావిడ లాంటిదన్నమాట.

రెండు భాషల్లో ఏది ముందు వస్తుందన్నది మనిషిని బట్టి మారుతుంది. చిన్నప్పటి భాషే ముందు రావాలని లేదు, ఎక్కువ వాడిన భాషే రావాలనీ లేదు. స్పీచ్ థెరపిస్టును మాత్రం వదలకండి, ఏడు నెలలైనా.

కడప బిడ్డ
జూన్ 30, రాత్రి 11:02

పక్కింటావిడ మాట అమ్మీకి చెప్పా. నవ్వింది. "చాబీ" అంది, తర్వాత చాలాసేపు ఆలోచించి "తాళం" అంది.

చెనిక్కాయ
జూలై 1, ఉదయం 8:10

ఫిజియో అక్కను కూడా ఒకటి అడగాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. ఇంట్లోవాళ్లకు వ్యాయామాలు నేర్పి చేయిస్తే ఏమవుతుందో మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది మీద చూశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు నేర్పిన గుంపులోనూ నేర్పని గుంపులోనూ నూటికి 47 మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడ్డారు. తేడా సున్నా. మరి ఈయన నాయనకు ఇంట్లో వ్యాయామం చేయించడం దండగేనా?

ఫిజియో అక్క
జూలై 1, రాత్రి 9:30

దండగ కాదు. రెండో గుంపు కూడా ఊరికే పడుకోలేదు, మామూలుగా దొరికే ఫిజియో, వైద్యం వాళ్లకూ అందాయి. దాని మీద అదనంగా ఇంట్లోవాళ్లకు నేర్పిస్తే అదనపు లాభం వచ్చిందా అన్నది ప్రశ్న. రాలేదు. నాకూ బాధగానే ఉంది, నేనైతే వస్తుందనుకున్నా. కోడలికి రెండు పూటలా వంట, పిల్లలు, దాని మధ్య మామ చెయ్యి. ఆమె ఎంతసేపు చేయించగలదు? ఫిజియో పనిని ఇంటి ఆడవాళ్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవద్దని ఆ ట్రయల్ చెప్పిందని నేను అనుకుంటా.

ఎక్కువ చేస్తే ఎక్కువ లాభం అని కూడా అనుకోవద్దు. 2015లో 2,104 మంది మీద చేసిన ఇంకో ట్రయల్‌లో, మొదటి 24 గంటల్లోనే మంచం దింపి ఎక్కువసార్లు నడిపించిన వాళ్ల ఫలితం మామూలు వాళ్ల కన్నా తగ్గింది.

తమ్ముడూ, మీ నాయనకు నా మాట: వేళ్లను బలవంతంగా వెనక్కి విరవొద్దు. ముందు మణికట్టు కొంచెం కిందికి వంచి, అప్పుడు బొటనవేలి మొదలు పట్టి మెల్లగా తెరవండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు రాని చేతికి తొడగండి, తీసేటప్పుడు చివర. ఆ చెయ్యి పట్టుకుని లాగి లేపొద్దు, భుజం జారుతుంది. ఆయన గుమాస్తా కదా, బంతులూ రబ్బర్లూ కాకుండా రసీదు పుస్తకం, రూపాయి బిళ్లలు ముందు పెట్టండి. రాని చేత్తో కాగితం కదలకుండా అదిమి పట్టుకోవడం కూడా పనే. బిగుసుకుపోవడం మరీ ఎక్కువైతే దానికి ఇంజెక్షన్ ఉంది, డాక్టర్ని అడగండి. మూడు నెలలు దాటితే ఇక రాదు అనేవాళ్లను నమ్మొద్దు. నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

పాత ఫిల్ము
జూలై 2, ఉదయం 6:05

రెండో స్కాన్ ఎప్పుడూ వద్దని నేను అనలేదు, అది స్పష్టంగా రాస్తున్నా. కొత్తగా చెయ్యో కాలో మూతో పడినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ కింద పడి తలకు తగిలినా, ఇక్కడ పోస్టు పెట్టకుండా 108కు ఫోన్ చేయండి. అప్పుడు స్కాన్ వెంటనే కావాలి.

ఆ ఎనిమిది వేలు ఎలాగూ ఖర్చు పెట్టాలనుకుంటే, మెడ నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ తీశారా, గుండె లయ చూశారా అని పాత డిశ్చార్జి షీటులో చూడండి. తీయకపోతే డాక్టర్ని అడగండి. ఫంక్షనల్ ఎమ్మారై ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది మెదడులో కణుతులు (ట్యూమర్లు), మూర్ఛలకు ఆపరేషన్ చేసే ముందు, ఎక్కడ కత్తి పెట్టకూడదో చూసుకోవడానికి. మీ నాయనకు దాంతో పనిలేదు.

బురుజు నీడ
జూలై 2, రాత్రి 10:30

డిశ్చార్జి షీటు వెతికా. గుండె చూశారు, డాప్లర్ మాత్రం లేదు. సోమవారం అడుగుతా. చిన్నాయనకు బోరు కథ చెప్పా, ఆయనకు ఐదు బోర్లు పోయాయి కాబట్టి వెంటనే అర్థమైంది.

బురుజు నీడ
ఆగస్టు 17, రాత్రి 9:10

ఎవరైనా ఉన్నారా? అప్‌డేట్ పెడుతున్నా.

స్కాన్ తీయించలేదు. డాప్లర్ తీశారు, ఎడమ వైపు కొంచెం సన్నబడింది, మందులతో చూద్దామన్నారు. ఆ డబ్బులతో వారానికి మూడు రోజులు ఫిజియో ఇంటికి వస్తున్నారు. వేళ్లు ఇంకా విప్పలేడు. బొటనవేలు మాత్రం పోయిన వారం నుంచి కొంచెం పక్కకు వస్తోంది. రసీదు పుస్తకం కుడిచేత్తో అదిమి పెట్టి ఎడమచేత్తో అంకెలు రాస్తున్నాడు. 4, 7 బాగా వస్తున్నాయి, 8 తిరగేసి రాస్తాడు.

ఇంకో సందేహం. సదరం క్యాంపుకు స్లాట్ దొరికింది. పాత ఎమ్మారై ఫిల్ములు తీసుకెళ్లాలా?

పాత ఫిల్ము
ఆగస్టు 18, ఉదయం 6:00

ఉన్నవన్నీ తీసుకెళ్లండి, డిశ్చార్జి షీటు పైన పెట్టండి. ఫిల్ములు ఎండలో పెట్టొద్దు, బండి డిక్కీలో అసలొద్దు.

ఎడమచేతి రాత
ఆగస్టు 18, ఉదయం 7:15

8ని రెండు సున్నాలుగా వేయమను. ఒకదాని మీద ఒకటి. నేను అట్లే నేర్చుకున్నా.

చెనిక్కాయ
ఆగస్టు 18, ఉదయం 7:40

సంతోషం. మీ యార్డులో ఉల్లిగడ్డ క్వింటా ఎంతుంది ఇప్పుడు?

బురుజు నీడ
ఆగస్టు 18, ఉదయం 8:05

అది ఒక్కటీ అడగొద్దన్నా. నాయన చెవిన పడితే బీపీ లేస్తుంది.